మనకిస్తే సబ్సిడీ, కంపెనీకిస్తే ప్రోత్సాహకమా?

సబ్సిడీ అనే మాట లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. యుద్ధంలో ముందువరుస దెబ్బతింటే ఆదుకోవడానికి వెనక నిలిపి ఉంచే సైన్యానికి ఆ పేరు. సాయం అని అర్థం. మంచి మాటే. మన దగ్గరికొచ్చేసరికి అది తిట్టయింది. టీవీ పెడితే చాలు, రైతుల సబ్సిడీలతో ఖజానా ఖాళీ అవుతోందని ఒకటే గోల.

యూరియా సంగతే చూద్దాం. 45 కిలోల బస్తా మనకు 266 రూపాయల 50 పైసలకు వస్తోంది. తయారీకి అంతకంటే చాలా ఎక్కువవుతుంది, తేడా ప్రభుత్వం భరిస్తోంది. కాదనడం లేదు. కానీ ఆ డబ్బు చేరేది ఎవరికి? 2018 నుంచి దేశమంతటా డీలరు దగ్గర మిషన్ మీద మనం వేలిముద్ర వేసి కొంటేనే సబ్సిడీ కదులుతోంది. కదిలి పోయేది ఎరువుల కంపెనీ ఖాతాలోకి. ముద్ర మనది, సొమ్ము కంపెనీది, నింద మళ్లీ మనది!

2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించారు. ఏటా 1.45 లక్షల కోట్లు రాబడి పోతుందని చెప్పింది ప్రభుత్వమే. దాన్ని సబ్సిడీ అన్నవాళ్లున్నారా? మరుసటి ఏడాది 'ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం' వచ్చింది. 14 రంగాలకు దాదాపు 1.97 లక్షల కోట్లు. బడ్జెట్ కాగితాల్లో ఇలాంటి పన్ను రాయితీలను ఒకప్పుడు 'వదులుకున్న రాబడి' అని రాసేవారు. ఇప్పుడు ఆ శీర్షిక కూడా మార్చి 'పన్ను ప్రోత్సాహకాల ప్రభావం' అంటున్నారు. పేరు మారిస్తే లెక్క మారుతుందా?

మరి మనం ఇచ్చిన సబ్సిడీ మాటేమిటి? 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించారు. 2024 సెప్టెంబరు దాకా ఎత్తలేదు. బజారులో బియ్యం ధర పెరగకూడదని చేసిన పని. బయట మంచి ధర ఉన్నా ఆ దారి మూసింది వరి రైతుకే. ఆ నష్టానికి పరిహారమూ లేదు, దానికొక పేరూ లేదు.

అందుకే మండల సభల్లో ఒక తీర్మానం పెడదాం. బడ్జెట్‌లో ఎరువుల సబ్సిడీని, కంపెనీల పన్ను రాయితీని ఒకే పట్టికలో, ఒకే పేరు కింద చూపాలి. ఎగుమతి నిషేధంతో రైతు పోగొట్టుకున్నది కూడా ఆ పక్కనే రాయాలి. తీర్మానం కాపీ ఎంపీకి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.