‘బారిస్టరు పార్వతీశం’ నవ్వుటకేనా?

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టరు పార్వతీశం’ నవలను గూర్చి ఇప్పుడు క్రొత్తగా వ్రాయవలసినదేమున్నదని పాఠకమహాశయులు అడుగవచ్చును. దాని ప్రథమభాగము 1924లో వెలువడినది, నూరేండ్లు దాటినవి. మన పెద్దలలో దానిని చదివి కడుపుబ్బ నవ్వనివారు అరుదు. అయినను గత వేసవిలో మేము దానిని మరల పట్టితిమి. ఈ పర్యాయము ఒంటరిగా గాక, అంగడి కట్టిన పిమ్మట మా యింటి పిల్లలకును ఇరుగుపొరుగు పిల్లలకును వినిపించుచు చదివితిమి.

చదివి వినిపింపవలసి వచ్చిన కారణము చెప్పుటకు సిగ్గగుచున్నది. సత్తువాచారిలో మన యిండ్లలో పుట్టి, తల్లితో తెలుగుననే మాటలాడు పదునారేండ్ల బాలునకు తెలుగక్షరము రాదు. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చి, ఒకటవ తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. తమిళము నేర్వవలదని మేమనము. మా బేరసారములన్నియు ఆ భాషలోనే సాగుచున్నవి. కాని మన లిపి బడిలో చోటు కోల్పోయినపుడు, ఆ లోటు ఇంటిలో తీర్చవలసిన మనము బడిని నిందించుటతో సరిపెట్టుకొంటిమి. ఇందు మా తప్పును కలదు.

కథ తెలిసినదే. మొగల్తూరి యువకుడొకడు బారిస్టరు కావలెనని, ఇంటివారికి చెప్పకయే సీమకు బయలుదేరును. (సీమ యనగా రాయలసీమయా అని మా చిన్నవాడడిగెను.) రైలు, చెన్నపట్టణము, ఓడ, లండను, ఎడింబరో — అడుగడుగున వానికి తెలియనిదే ఎదురగును. చెన్నపట్టణమున దొరల టోపీ యనుకొని ఆడువారి టోపీ కొనిన ఘట్టము జ్ఞాపకము లేనివారుండరు. మా చిన్ననాట “ఎంత తెలివితక్కువవాడు!” అని నవ్వితిమి. ఈసారి పిల్లలందరు నవ్విరి గాని, పోయిన యేడు చెన్నైలో కళాశాలయందు చేరిన యువకుడొకడు మాత్రము నవ్వలేదు. ఏమనగా, మొదటి దినమున వసతిగృహపు భోజనశాలలో తనకును అట్టిదే జరిగినదనెను. ఏమి జరిగినదో ఎంత అడిగినను చెప్పలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పార్వతీశము తన కథ తానే చెప్పుచున్నాడను సంగతిని మేము ఇన్నాళ్ళును గమనింపలేదు. లోకమెరిగిన పార్వతీశమే, ఏమియు నెరుగని నాటి పార్వతీశమును మన యెదుట నిలిపి నవ్వించుచున్నాడు. తన వెఱ్ఱితనమును దాచుకొనక నలుగురిలో చెప్పగలుగుటకు వానికెంత దూరము ప్రయాణము చేయవలసి వచ్చినదో! రచయితయు ఎడింబరోలో చదివి వచ్చినవారే. ఆ బెరకు ఎట్టిదో వారికి తెలియును. ఇది పిల్లవాడు పెద్దవాడగు కథ. మనము దీనిని హాస్యగ్రంథమని అలమారులో పెట్టి చేతులు దులుపుకొంటిమి.

మన పిల్లలకు ఇది మరింత దగ్గర. పార్వతీశము భాష తెలియని చోటికి ఓడయెక్కి పోయెను. మనమో, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడి తెలుగు తాలూకాలు అటు పోగా, వేలూరు గుడియాత్తములలో ఉన్నచోటనే మిగిలిపోతిమి. ఇంట ఒక భాష, వీధిలో ఒకటి, కళాశాలలో మరియొకటి. మూడింటను తడబడు బాలుడు ఆ తడబాటును ఎవరికి చెప్పుకొనును?

లోపములు లేవని కాదు. తరువాతి భాగములు మొదటిదానివలె పరుగెత్తవు. అచ్చట పిల్లలు ఆవులించిరి, మేమును కొన్ని పుటలు దాటించితిమి. ఆనాటి కులాచారములను గూర్చి ఆడపిల్లలడిగిన ప్రశ్నలకు మావద్ద సరియైన సమాధానము లేకపోయెను. గోదావరి ప్రాంతపు మాటలు కొన్ని అర్థము చెప్పవలసివచ్చెను. మన అంగడి వారికి కొట్టు. అయినను వ్యావహారికమున వ్రాసిన పుస్తకమగుటచే, అక్షరము రాని బిడ్డకు సయితము చెవినబడగనే తెలిసినది. మేము వ్రాయు ఈ గ్రాంథికములో ఉండినచో రెండవ పుటకే లేచిపోయెడివారు.

ఒక పెద్దమనిషి, “పాత నవ్వులేల? పైకి వచ్చు మార్గము చెప్పు పుస్తకములు చదివింపరాదా?” అనిరి. అట్టివి మా యింటను నాలుగున్నవి. వానిని విని ఏ పిల్లవాడును తన భోజనశాల సంగతి ఎత్తలేదు.

ఆ యువకుడు మొన్న సెలవులకు వచ్చి, “మామా, టోపీ కథ వరకే విన్నాను, తరువాత ఏమైనది?” అని అంగడికి వచ్చెను. మా ప్రతి ఎవరికో ఇచ్చితిమి. సంఘపు ప్రతి గుడియాత్తములో ఒకరి యింట రెండేండ్లుగా ఉన్నదని తెలియుచున్నది. వారు దయచేసి వచ్చు ఆదివారమునకైనను పంపవలెనని కోరుచున్నాము.