తోలుగుడ్డు అపశకునమా?

పిల్లలూ! ఇప్పటి స్విట్జర్లాండు దేశంలో బాసెల్ అనే పట్టణం ఉన్నది. 1474వ సంవత్సరంలో అక్కడ ఒక కోడిపుంజు మీద విచారణ జరిగింది. అది చేసిన నేరమేమిటో తెలుసా? గుడ్డు పెట్టటం! పుంజు పెట్టిన గుడ్డులోనుంచి చూపుతోనే మనుషులను చంపే విషసర్పం పుడుతుందని ఆ కాలంలో ఐరోపా ప్రజలు నమ్మేవారు. అందుచేత పుంజుకు మరణశిక్ష విధించి, జనం చూస్తూండగా గుడ్డుతో సహా దాన్ని మంటలో కాల్చివేశారు.

పుంజు గుడ్డు పెట్టదని మీకు తెలుసు. ఐరోపాలో "పుంజుగుడ్డు" అని పేరుపడినది చాలా చిన్నదిగా, సాధారణంగా లోపల పచ్చసొన లేకుండా ఉండే గుడ్డు. దాన్ని పెట్టేది పెట్టే!

ఈ కథ విని మనం నవ్వుకుంటాం. కాని ఒక్కొక్కప్పుడు మన పెరట్లో కూడా ఇటువంటిదే జరుగుతుంది. పొద్దున్నే గంప ఎత్తి చూస్తే, పెంకు లేకుండా మెత్తటి సంచిలాంటి గుడ్డు కనిపిస్తుంది. దీన్ని తోలుగుడ్డు అంటారు. "ఇది ఇంటికి అరిష్టం, ఈ కోడిని ఉంచకూడదు" అనేవారు ఉన్నారు. ఆ మాట నమ్మితే సాయంత్రానికి కోడి కత్తిపాలవుతుంది. పాపం, అది చేసిన తప్పేమిటి?

అది తెలుసుకోవాలంటే గుడ్డు ఎట్లా తయారవుతుందో చూడాలి. కోడి కడుపులో ఎడమవైపున పచ్చసొనలు చిన్నవీ పెద్దవీ గుత్తిలాగా ఉంటాయి. బాగా పెరిగిన సొన ఒకటి ఊడి, రెండడుగుల పొడవున్న ఒక గొట్టంలోకి జారుతుంది. ఆ గొట్టంలో మూడు గంటలపాటు దానిచుట్టూ తెల్లసొన చేరుతుంది. తరువాత గంటకు పైగా పట్టి రెండు పలచని పొరలు ఏర్పడతాయి. చివర ఉన్న సంచిలో సుమారు ఇరవై గంటలు ఆగుతుంది. పెంకు కట్టేది అక్కడే. మొత్తం ప్రయాణానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

ఈ ప్రయాణంలో ఎక్కడ ఇబ్బంది కలిగితే గుడ్డు ఆ విధంగా మారుతుంది. రెండు సొనలు ఒకేసారి ఊడితే జంటసొన గుడ్డు అవుతుంది. కొత్తగా గుడ్లకు వచ్చిన పెట్టలు ఇట్లా తరచు పెడతాయి. సొనకు బదులు ఏ చిన్న కండముక్కో గొట్టంలో పడితే, దాని చుట్టూనే తెల్లసొన, పెంకు చేరి బుల్లి గుడ్డు అవుతుంది. పైన చెప్పిన "పుంజుగుడ్డు" ఇదే. సొన ఊడేటప్పుడు సన్నని రక్తనాళం చిట్లితే సొనమీద ఎర్రని చుక్క కనిపిస్తుంది. పూర్తయిన గుడ్డు వెనక్కు మళ్ళి, మరొక సొనను కలుసుకుంటే గుడ్డులో గుడ్డు తయారవుతుంది! ఇది చాలా అరుదు.

ఇక తోలుగుడ్డు సంగతి. పెంకులో నూటికి తొంభైపాళ్ళకు పైగా ఉండేది సున్నపురాయిలో ఉండే పదార్థమే. ఒక్క పెంకుకు కోడి సుమారు రెండు గ్రాముల కాల్షియం ఖర్చు చెయ్యాలి. పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది. అప్పుడు కోడి మేత తినదుగదా! అందుచేత తన ఎముకల్లో దాచుకున్న కాల్షియంలోనుంచి కొంత తీసి గుడ్డుకు ఇస్తుంది. పగలు తిన్న మేతతో ఆ లోటు తీరాలి. వట్టి నూకలూ తవుడూ తింటే తీరదు. అప్పుడు పెంకు పలచబడుతుంది, లేదా అసలే కట్టదు. కోడి ఎముకలు కూడా గుల్లబారుతాయి.

మరికొన్ని కారణాలు కూడా ఉన్నాయి. కుక్క తరిమినా, పక్కనే టపాకాయలు పేలినా, కోడి బెదిరి పెంకు కట్టకముందే గుడ్డు జారవిడుస్తుంది. రోహిణీకార్తె ఎండలకు కోడి నోరు తెరిచి రొప్పుతుంది. అట్లా రొప్పినప్పుడు పెంకుకు కావలసిన బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడు, ఊపిరితో ఎక్కువగా బయటికి పోతుంది. అందుకే ఎండాకాలపు గుడ్లకు పెంకు పలచన.

ఏం చెయ్యాలి? వంటింట్లో మిగిలిన గుడ్డుపెంకులను కడిగి, పెనం మీద వేడిచేసి, మెత్తగా నలగ్గొట్టండి. ముక్కలు పెద్దవైతే కోడి గుడ్లు పొడుచుకు తినటం నేర్చుకుంటుంది. ఆ పొడినిగాని, ఆల్చిప్పల పొడినిగాని విడిగా ఒక మూకుట్లో పెట్టండి. కోడి తనకు కావలసినంతే తింటుంది. తాంబూలంలో వేసుకునే సున్నం మాత్రం పెట్టకూడదు, నోరు కాలుతుంది. నీడ, చల్లని నీళ్ళు, పొద్దుటి ఎండ కూడా దానికి కావాలి.

పెద్దలకు ఒక మాట. జంటసొన గుడ్డునూ రక్తపు చుక్క ఉన్నదాన్నీ బాగా ఉడికించి తినవచ్చు. తోలుగుడ్డును తినవద్దు. పెంకు కాపలా లేదు కనుక సూక్ష్మజీవులు సులువుగా లోపలికి చేరతాయి. ఒక కోడి ఎప్పుడో ఒకసారి తోలుగుడ్డు పెడితే భయం లేదు. కాని చాలా కోళ్ళు ఒకేసారి ముడతల గుడ్లూ తోలుగుడ్లూ పెడుతూ, తుమ్ముతూ, మేత మానేస్తే అది అంటువ్యాధి కావచ్చు. కొక్కెర రోగంలో కూడా ఇట్లా జరుగుతుంది. వెంటనే పశువైద్యునికి చెప్పండి. ఆ రోగం రాకుండా టీకాలు ఉన్నాయి.

పిల్లలూ, తోలుగుడ్డును మీరే తయారుచెయ్యవచ్చు! గాజుగ్లాసులో పచ్చి గుడ్డు పెట్టి, మునిగేటట్టు వెనిగర్ పొయ్యండి. పెంకు మీదనుంచి బుడగలు లేస్తాయి. అది బొగ్గుపులుసు వాయువే. ఒకటి రెండు రోజుల్లో పెంకు కరిగి, పొర మాత్రమే మిగులుతుంది. వేలితో మెల్లగా నొక్కి చూసి, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ గుడ్డును తినకండి.

మీ ఇంట్లో కోళ్ళుంటే ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ తేదీన ఏ కోడి ఎటువంటి గుడ్డు పెట్టిందీ, ముందురోజు ఏమి తిన్నదీ, దేనికైనా బెదిరిందా అన్నదీ రాయండి. ఎవరైనా "ఇది అరిష్టం, కోడిని కోసెయ్యండి" అన్నప్పుడు, ఆ పుస్తకం తెచ్చి చూపించండి. మూకుట్లో పెంకుల పొడి పెట్టి, ఒక్క పదిరోజులు గడువు అడగండి.