మొరం గోడకు గనిలో ఒక నియమం, నగరంలో ఇంకొకటా?

2025 ఫిబ్రవరి 5న హైదరాబాద్ ఎల్బీనగర్‌లో సెల్లార్ తవ్వుతుండగా మట్టి విరిగిపడి ముగ్గురు కూలీలు చనిపోయారు. ఆరు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ గ్రానైట్ క్వారీలో బండలు జారిపడి ఒడిశా నుంచి పనికొచ్చిన ఆరుగురు బలయ్యారు. ఒకటి భవన నిర్మాణ ప్రమాదం, రెండోది గని ప్రమాదం. ఫైళ్లు వేరు, శాఖలు వేరు. మనుషుల మీదికి వచ్చిపడింది మాత్రం రెండుచోట్లా తవ్విన గోతి అంచే.

ఆ అంచును ఎలా నిలపాలో తెలియక కాదు. 1961 నాటి మెటల్లిఫెరస్ గనుల నిబంధనల్లో 106వది ఈ సంగతి విడమరిచి చెప్పింది. మట్టి, మొరం, గ్రావెల్ నేలల్లో అంచును 45 డిగ్రీలు మించని వాలుగా దించాలి. లేదంటే మెట్లు మెట్లుగా బెంచీలు కట్టాలి. ఒక్కో బెంచీ ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. గట్టి రాతిలోనైనా బెంచీ ఎత్తు 6 మీటర్లకు మించరాదు. అడుగున తొలిచి పైభాగాన్ని వేలాడదీయడం పూర్తిగా నిషిద్ధం.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ సందుల్లో తవ్వే సెల్లార్లను చూడండి. గజం ధర చూసుకునే యజమాని వాలుకు జాగా వదలడు. పక్కింటి ప్రహరీ దాకా జేసీబీతో నిలువునా కోయిస్తాడు. తెల్లారగట్ల అడ్డా మీద కూలి మాట్లాడుకున్న మనిషి పునాది గుంత తీయడానికి ఆ గోడ కిందికే దిగుతాడు. గనిలో అదే మొరాన్ని అలా కోస్తే నేరం. భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నియమాల్లోనూ తవ్వకాల మీద ఒక అధ్యాయం ఉంది. అయినా ప్లాన్ మంజూరయ్యాక గోతిలోకి తొంగిచూసే అధికారి ఎవరు?

గనుల చట్టంలోనూ పెద్ద కంత ఉండేది. మొరం, కంకర, ఇంటిరాయి వంటివి తీసే చోట లోతు 6 మీటర్లలోపు ఉండి, కూలీలు 50 మందికి మించక, పేలుడు పదార్థాలు వాడకపోతే 1952 చట్టం చాలా నిబంధనల నుంచి మినహాయించింది. ఆరు మీటర్లంటే రెండంతస్తుల ఎత్తు. అంత మట్టి మీదపడితే బతికి బయటపడేదెవరు?

గనుల్లో ప్రాణాలు తీసేది అంచు ఒక్కటే కాదు. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె ముగ్గురాయి గని దగ్గర జిలెటిన్ స్టిక్స్ దింపుతుండగా పేలి పది మంది చనిపోయారు. ఇక సిలికోసిస్ సంగతి సరేసరి. నీళ్లు చల్లకుండా డ్రిల్లింగ్ చేసే చోట, క్రషర్ల దగ్గర ఏళ్ల తరబడి రాతిపొడి పీల్చినవాడి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఆ జబ్బు నయం కాదు. అతను ఊరెళ్లి చనిపోతే అది ఏ గని లెక్కలోకీ ఎక్కదు.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ గనుల చట్టాన్నీ, భవన నిర్మాణ కార్మికుల చట్టాన్నీ ఒక్క గొడుగు కిందికి తెచ్చింది. కాబట్టి గని వేరు, సెల్లార్ వేరు అనే సాకు ఇక చెల్లదు. 106వ నిబంధనలోని కొలతలనే సెల్లార్ అనుమతికి షరతుగా పెట్టాలి. వాలుకు చోటులేని ప్లాట్లలో రక్షణ గోడ కట్టి, ఇంజినీరు సంతకం చేశాకే కూలీని లోపలికి దింపాలి. ఈ ఉత్తర్వు ఇవ్వడానికి నగరపాలక సంస్థకు కొత్త చట్టం అవసరం లేదు. వచ్చే వానాకాలం లోపే ఇవ్వాలి.