చేతిలోని ఫోను, చెవిలోని నాదము

నాణ్యమైన సంగీత శ్రవణము సంపన్నులకే సాధ్యమను భావము నేటికిని తొలగలేదు. 1982లో విపణికి వచ్చిన కాంపాక్ట్ డిస్క్ ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో నిలుపుకొన్నది. ఆ ప్రమాణముగల పాటను నేటి సామాన్యమైన స్మార్ట్‌ఫోను సైతము అవలీలగా చదువగలదు. చిక్కంతయు ఆ అంకెలను మరల నాదముగా మార్చి చెవికి చేర్చుటలోనే ఉన్నది.

2016లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ జాక్‌ను తొలగించినది. పిదప పెక్కు సంస్థలు ఆ త్రోవనే పట్టినవి. తీగ లేని ఇయర్‌ఫోనులు ప్రబలినవి. బ్లూటూత్ మార్గమున నాదము సాధారణముగా కుదింపబడి, కొంత వివరమును కోల్పోవును. పైగా వాటి బ్యాటరీలు కొన్నేండ్లకు క్షీణించును. అనగా, ఒకమారు కొన్నచో చాలునన్న వస్తువు మాటిమాటికి కొనవలసినదైనది. ఈ భారము మొదట పడునది విద్యార్థులపైననే.

నివారణోపాయము స్వల్పమే. ఛార్జింగు పోర్టుకు తగిలించు చిన్న అడాప్టరులో అంకెలను విద్యుత్తరంగములుగా మార్చు చిప్ ఇమిడియుండును. కొన్ని అడాప్టరులలో అది ఉండదు గనుక విచారించి కొనవలెను. అధిక శక్తిని కోరు పెద్ద హెడ్‌ఫోనులకు మాత్రము ఇది చాలదు.

కావున ప్రత్యేక యంత్రమునకై వగవనక్కరలేదు. ఉన్న కొద్దిపాటి ధనమును మంచి హెడ్‌ఫోనుకు, శ్రద్ధను మంచి రికార్డింగును ఎన్నుకొనుటకు వినియోగించుట మేలు.