అడిగి వేసే చెయ్యి

ఏ ఊళ్లో డాన్సు క్లాసుకి వెళ్లినా వినిపించేవి అవే మాటలు. "నడుం నిలబెట్టు", "మోకాళ్లు పక్కకి", "ఇంకా కిందికి". మాటతో పని జరక్కపోతే చెయ్యి వస్తుంది. టీచరు మంచావిడే, పిల్లకి విద్య రావాలనే తాపత్రయమే. అయినా ఆ చెయ్యి గురించి కాస్త మాట్లాడుకోవాలి.

కూచిపూడికైనా భరతనాట్యానికైనా అరమండి ప్రాణం. మోకాళ్లు పక్కలకి తిరగాలంటే ఆ తిరుగుడు తుంటిలో మొదలవ్వాలి. తొడ ఎముక తుంటి గుంటలో అమరే తీరు అందరికీ ఒకేలా ఉండదు. ఒక పిల్లకి సులువుగా వచ్చేది పక్కపిల్లకి రాదు. రాని పిల్ల మోకాళ్లని చేత్తో వెనక్కి నొక్కితే ఆ క్షణానికి భంగిమ చూడముచ్చటగానే ఉంటుంది. కానీ తుంటి పడాల్సిన మెలిక మోకాలు పడుతుంది. చెయ్యి తీయగానే కథ మళ్లీ మొదటికే! పిల్లకి తన ఒంటి గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు, తను చేసేది తప్పన్న బెదురు తప్ప.

మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904-1984) అని ఒకాయన ఉండేవారు. భౌతికశాస్త్రం చదివారు, జూడోలో దిట్ట. దెబ్బతిన్న తన మోకాలితోనే కుస్తీపట్టి, కదలికలు నేర్పే ఒక పద్ధతి తయారు చేశారు. పదిమందికి కలిపి నేర్పేటప్పుడు నోటి మాటే, చెయ్యి వేయడం ఉండదు. ఒక్కరికే నేర్పేటప్పుడు చేతులు వాడతారు గానీ వంకర తీయడానికి కాదు. ఒళ్లు ఎటు కదులుతోందో అటే వెళ్లి, ఆ సంగతి ఆ మనిషికి తెలిసేలా చేయడానికి. జ్వరం చూడ్డానికి నుదుటి మీద వేసే చెయ్యి లాంటిదన్నమాట.

మన క్లాసుల్లో ఇది కుదరదా? "తుంటి మడత దగ్గర నీ వేళ్లు నువ్వే పెట్టుకుని కూర్చో. బరువు బొటనవేలి వైపు పడుతోందా, చిటికెనవేలి వైపా?" అని అడగొచ్చు. తప్పదనుకుంటే, "వీపు మీద చెయ్యి వేయనా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగొచ్చు.

ఇలా అడుగుతూ కూర్చుంటే అరంగేట్రం ఎప్పటికయ్యేను అంటారు కొందరు. ఆలస్యమైతే కానివ్వండి. అలాగని చెయ్యే వేయకూడదనడమూ సబబు కాదు. చూపులేని పిల్లలకి స్పర్శే పాఠం కదా!

పెద్దవాళ్లకీ ఇది వర్తిస్తుంది. ముట్లు ఆగిపోయాక చాలామందికి ఎముకలు గుల్లబారతాయి. అలాంటివాళ్లు యోగా క్లాసులో ముందుకి వంగినప్పుడు పైనుంచి వీపు నొక్కితే వెన్నుపూస నలిగే ప్రమాదం ఉంది.

2023లో చెన్నై కళాక్షేత్రలో విద్యార్థులు లైంగిక వేధింపులంటూ ఆందోళనకి దిగిన సంగతి పేపర్లలో చదివాం. అలాంటివి తేల్చడానికి చట్టాలున్నాయి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి 2012లో వచ్చిన పోక్సో ఉంది. మనం ఇక్కడ మాట్లాడుకునేది చెడు ఉద్దేశం లేని చెయ్యి గురించే. కానీ అడక్కుండా ఒళ్లు సర్దించుకోవడం ఏడేళ్లప్పటి నుంచే అలవాటైన పిల్లకి, ఏ చెయ్యి తోసెయ్యాలో ఎలా తెలుస్తుంది?

ఫీజు కట్టేటప్పుడు టైమింగులతో పాటు ఈ సంగతీ అడగండి. "నేనే సర్దుకుంటాను టీచర్" అనొచ్చని అమ్మాయికి ఇంట్లోనే చెప్పి పంపండి. ఆ మాట టీచరుగారి ముందే చెబితే ఇంకా మంచిది.