శ్రమ వేరు, క్లమము వేరు

మా అన్నగారి అమ్మాయికి మాఘమాసమున వివాహము నిశ్చయమైనది. వైశాఖములో ముహూర్తము. ఈ మూడు నెలలలో 10 కిలోలు తగ్గవలెనని సంకల్పించి, ఆమె అన్నము మాని, రెండుపూటల కీరదోస ముక్కలతోను కోడిగ్రుడ్డు తెల్లసొనతోను గడపుచు, తెల్లవాఱుజామున 5 గంటలకే లేచి జిమ్మునకు పోవ నారంభించినది. మొదటి పక్షములోనే కాటాపై 3 కిలోలు తగ్గుట చూచి ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. ఆఱవ వారము వచ్చుసరికి ఆ పిల్ల మెట్లెక్కుచు నడుమ గోడ పట్టుకొని నిలుచుట, చైత్రమాసపు ఎండలో చలియని దుప్పటి కప్పుకొనుట, ఎన్నడు లేనిది తల్లిపై చీటికిమాటికి విసుగుకొనుట నా కంటబడినవి. ఏమి తల్లీ యని అడిగితిని. "నీరసంగా ఉందంటే కోచ్‌గారు సాకులు చెప్పొద్దంటున్నారు బాబాయ్. మనసు గట్టిగా ఉంటే ఒళ్ళు అదే వింటుందట" అన్నది. ఆ మాట నన్ను చాల దినములు బాధించినది. ఏలయన, అది ఒక్క కోచ్ మాట కాదు, క్రొవ్వు తగ్గించుకొనుటను గూర్చి నేడు మనలో ప్రబలియున్న అభిప్రాయమే అది.

అలసట కంతటికి ఒక్కటే పేరు పెట్టి, ఆ పేరు సోమరితనమని చెప్పుట మన ప్రాచీన వైద్యుల పద్ధతి కాదు. పాటుపడుటచేత కలుగు బడలిక శ్రమ. పాటుపడకయే శరీరమున పెంపొంది, ఆయాసము లేకయే ఇంద్రియములను తమతమ పనులయందు ప్రవర్తింపనీయని బడలిక క్లమము. సుశ్రుతసంహిత శారీరస్థానమున ఈ లక్షణము స్పష్టముగా చెప్పబడినది. శ్రమ ఒక పూట భోజనముతో, ఒక రాత్రి నిద్రతో తీఱును. క్లమము మఱునాడు మనతోపాటే నిద్రలేచును. వాగ్భటుడు అష్టాంగహృదయమున అతివ్యాయామమువలన పుట్టు వికారములను లెక్కించుచు, ఈ రెంటిని వేర్వేఱుగ పేర్కొనెను. అంతకన్న గమనింపదగినది ఆయన విధించిన కొలత: బలవంతులై స్నిగ్ధాహారము భుజించువారు సైతము, శీతకాలమునందును వసంతమునందును తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో అంతకన్నను మెల్లగా చేయవలెననియు ఆయన నియమము. తినుదానితోను ఋతువుతోను ముడిపెట్టనిదే వ్యాయామమునకు కొలత లేదని దీని తాత్పర్యము. మనమో, ఆహారమును సగమునకు తగ్గించి, ఎండలు ముదిరిన నెలలో వ్యాయామమును రెట్టించుచున్నాము.

మనస్సు గట్టిదైన శరీరము వినునను మాటను శాస్త్రము పరీక్షించిన సందర్భ మొకటి యున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, ఆయుధము పట్టుట తమ అంతరాత్మకు విరుద్ధమని సైన్యమున చేర నిరాకరించిన 36 మంది అమెరికా యువకులు, ఆకలిచే కృశించిన ప్రజలకు తిరిగి బలము చేకూర్చు మార్గము తెలియుటకై, మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుని పరిశోధనకు తమ దేహములను అప్పగించిరి. 1945 ఫిబ్రవరి మొదలు జూలై వఱకు 24 వారములు వారికి దినమునకు సుమారు 1,600 క్యాలరీల ఆహారము పెట్టి, వారమునకు 22 మైళ్ళు నడిపించిరి. నేడు మన యువతుల చేతులకిచ్చు డైటు చార్టులలో పెక్కింటి అంకె దీనికన్న తక్కువయని మఱవరాదు. ఆ యువకుల బరువు నాలుగవ వంతు తగ్గినది. విశ్రాంతిలో నున్న దేహము వ్యయపఱచు శక్తి ఇంచుమించు 40 శాతము తగ్గినది. నడివేసవిలో వారు చలికి వణకిరి, మిత్రులపై కసరిరి, వంట పుస్తకములు ప్రోగుచేసికొని గంటలకొలది చదివిరి, మెట్లెక్కుటకే భయపడిరి. లోకనిందను సహించి తమ విశ్వాసమునకు కట్టుబడిన ఆ దృఢచిత్తులకంటె గట్టి మనస్సు గలవారిని ఎక్కడినుండి తెత్తుము? వారు మొదటినుండియు సన్నని వారు, మనలో బరువు తగ్గగోరువారికి క్రొవ్వు నిలువ కలదు, కావున అంత తీవ్రత మనకు రాదు. దారి మాత్రము అదియే. చైత్రమాసపు దుప్పటిని చూచినప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది ఆ యువకులే.

రాబడి తగ్గిన గృహస్థు ఖర్చు తగ్గించుకొనునట్లే, ఆహారము తగ్గిన దేహము మనకు తెలియకుండనే చేతుల ఆడింపు, లేచి తిరుగుట, చర్మపు వెచ్చదనము మున్నగు చిన్న చిన్న వ్యయములను ఒక్కొక్కటిగా కుదించుకొనును. క్రొవ్వు కరిగినకొలది క్రొవ్వుకణములనుండి వెలువడు లెప్టిన్ అను హార్మోను తగ్గి, మెదడునకు కఱవు వచ్చినదన్న వార్త చేరును. ఇక అన్నము పూర్తిగా మానినవారి సంగతి వేఱు. కండరములయందును కాలేయమునందును 500 గ్రాముల వఱకు నిలువయుండు గ్లైకోజెన్ అను పిండిపదార్థము ప్రతి గ్రాముతోను సుమారు 3 గ్రాముల నీరు పట్టియుంచును. ఆ నిలువ ఖాళీయగునప్పుడు నీరును, దానితో ఉప్పును పోవును. మా అమ్మాయి మొదటి పక్షమున కోల్పోయిన 3 కిలోలలో క్రొవ్వెంత? ఒక కిలో క్రొవ్వులో సుమారు 7,700 క్యాలరీలున్నవి. రోజునకు 600 క్యాలరీలు తగ్గించినను 14 దినములలో కరుగు క్రొవ్వు ఇంచుమించు ఒక కిలోయే. తక్కినది చాలవఱకు నీరు. ఆమె నోరు కట్టుకొని సాధించితినని మురిసినదానిలో చాలవఱకు, మఱల అన్నమును ఉప్పును తినిన తిరిగివచ్చునదే.

నిద్ర విషయము ఇంకను విచారకరము. షికాగో విశ్వవిద్యాలయమువారు 2010లో ప్రకటించిన చిన్న పరిశోధనలో, అధికబరువు గల 10 మందికి ఒకే కొలత ఆహారము పెట్టి, ఒక 14 దినములు రాత్రి 8.5 గంటలును, మఱియొక 14 దినములు 5.5 గంటలును శయనమునకు అవకాశమిచ్చిరి. రెండుమార్లును బరువు ఇంచుమించు సమానముగనే తగ్గినది. కాని నిద్ర కొఱవడిన పక్షమున క్రొవ్వు తగ్గుదల 55 శాతము తక్కువై, ఆ మేరకు కండ మొదలగునది కరిగినది. రాత్రి 12 గంటల వఱకు ఆఫీసు పనిచేసి 5 గంటలకు లేచి జిమ్మునకు పరుగిడువారు ఏమి పోగొట్టుకొనుచున్నారో కాటా చెప్పదు.

అన్నింటికన్న ముఖ్యమైనది మన ఆడపిల్లల రక్తము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశములోను తెలంగాణలోను సగముకంటె ఎక్కువయే. ప్రాణవాయువును కండరములకు మోయు హిమోగ్లోబిన్ స్త్రీలలో 12 గ్రాములకు తగ్గరాదు. నేను పట్టుపట్టి పరీక్ష చేయించగా మా అమ్మాయికి 9 గ్రాములు వచ్చినది. రెండు నెలలుగా నెలసరి సరిగా లేదని తల్లితో సిగ్గుపడుచు చెప్పినది అప్పుడే. ఈ పిల్లనా సాకులు చెప్పుచున్నదనుట? జిమ్ములో చేరునాడు పూరించు కాగితమున ఎత్తు, బరువు, ఫోను నంబరు అడిగిరే గాని, ఎన్ని గంటలు నిద్రింతువు, రక్తపరీక్ష చేయించుకొంటివా, నెలసరి సక్రమముగ నున్నదా యని అడుగుటకు ఒక్క గడియైనను లేకపోయినది. ఇట్టి కాగితమును మార్చుటకు ఖర్చు లేదు. వ్యాయామశాలలకు అనుమతులిచ్చు అధికారులు ఈ మాత్రము నిబంధన చేయలేరా?

అటుపై ఆమె చేసినది పెద్ద తపస్సేమియు కాదు. వైద్యుడిచ్చిన ఇనుము మాత్రలు వేసికొనుచు, ఇనుమును ఒంటబట్టనీయదు గనుక భోజనముతో కాఫీని మానినది. మధ్యాహ్నము ఒక గరిటె అన్నము, ముద్దపప్పు, పెరుగు తిరిగి విస్తరిలోనికి వచ్చినవి; తెల్లసొనతోపాటు పచ్చసొనయు వచ్చినది. రెండు వారములు బరువు తగ్గవలెనను కోరికనే ప్రక్కకు పెట్టి, ఉన్న బరువు నిలుచునంత తినినది. బరువులెత్తుట వారమునకు ఆఱు దినములనుండి మూడు దినములకు దించి, ఎత్తు బరువు తగ్గింపక, ఎత్తు మార్లను తగ్గించినది. అట్లయిన కండ నిలుచును, బడలిక పేరుకొనదు. తక్కిన దినములలో సాయంకాలపు నడక. ఉదయము లేవగానే నాడి చూచుకొని, ఎప్పటికన్న పది కొట్టుకొనుటలు హెచ్చినచో ఆ దినము జిమ్మునకు పోకుండుట ఆమెకు అలవాటైనది. ఆ తరువాత మఱల ఆహారము తగ్గించినది, కాని దినమునకు 400 క్యాలరీల మేరకే. ఆహారమును, వ్యాయామమును ఒకే వారమున మార్చలేదు.

ముహూర్తమునాటికి 10 కిలోలు కాదు, 5 కిలోలే తగ్గినది. హిమోగ్లోబిన్ 11కు వచ్చినది. రాత్రి 2 గంటలు దాటిన పిదప ముహూర్తము. తలంబ్రాలు, హోమము, సప్తపది, అన్నియు నడచి అప్పగింతల వేళకు తెల్లవాఱినది. ఆమె కన్నులు నిద్రలేక ఎఱ్ఱబడియున్నవి, కాళ్ళు లాగుచున్నవని అన్నది. మఱునాడు పది గంటలు నిద్రపోయి లేచి, ఆకలియగుచున్నదని తల్లికి ఫోను చేసినది.