మెడలో హుడ్డు, పెట్టెలో గజ్జెలు

మొన్న మే నెలలో పెంటపాడులో మా పెద్దమ్మ కూతురింట్లో ఓ పండగ జరిగింది. పంచాంగంలో లేని పండగ. పురోహితుడు లేడు గాని పులిహోర మాత్రం ఉంది. హాల్లో టీవీకి ఎదురుగా కుర్చీలు వేసి, చాపలు పరిచారు. అక్కయ్య, బావగారు, అక్కయ్య అత్తగారు, పక్కింటి పిన్నిగారు, ఆవిడ కోడలు, నేను. రాత్రి ఏడున్నరయింది. అమెరికాలో అక్కయ్య కూతురున్న ఊళ్ళో అప్పుడు పొద్దున్న పది. ఆ పిల్ల అక్కడ ఓ కళాశాలలో మూడేళ్ళు నాట్యం చదివి పెద్ద పట్టా పుచ్చుకుంటోంది. ఆ వేడుక చూడ్డానికే మేమంతా చేరాం.

మా పిల్ల వంతు వచ్చింది. నల్లగౌను వేసుకుని, చేతిమీద ఓ మడతపెట్టిన గుడ్డతో వేదికెక్కింది. తెల్లజుట్టు గురువుగారు ఆ గుడ్డ అందుకుని, పిల్ల తలమీంచి మెడలో వేసి, వెనక్కి సర్ది, భుజం తట్టింది. అంతే. అక్కడ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇక్కడ మేమూ కొట్టాం. అక్కయ్య పమిటతో కళ్ళొత్తుకుంది.

"ఏవిటే అమ్మాయ్, పిల్ల వీపుకి ఆ సంచీ ఎందుకు తగిలించారూ? పుస్తకాలు పెట్టుకోడానికా?" అని అడిగింది అక్కయ్య అత్తగారు నన్ను.

పెద్దావిడ ప్రశ్నలో తప్పేం లేదు. అది చూడ్డానికి సంచీలాగే ఉంటుంది. దాన్ని హుడ్డు అంటారు. వెనకటికి యూరప్‌లో చదువులన్నీ మతగురువుల చేతుల్లో ఉండేవి. ఆ చలిదేశాల్లో, రాతి కట్టడాల్లో తల కప్పుకోడానికి కుట్టించుకున్న టోపీ అది. చలి సంగతి మరిచిపోయినా టోపీని మాత్రం వదల్లేదు. తలమీంచి జారి వీపుమీదికొచ్చి అలంకారమైంది. అమెరికా వాళ్ళు 1895లో కూర్చుని ఏ చదువుకి ఏ రంగు అంచో కూడా రాసుకున్నారు. సంగీతానికి గులాబీ, లలితకళలకు గోధుమ రంగు. లోపలి పట్టు రంగు చదువుకున్న విద్యాలయాన్ని చెబుతుంది. మన చీరకి అంచూ కొంగూ లాగానే వాళ్ళకీ ఓ లెక్క ఉందన్నమాట.

ఇదంతా పెద్దావిడకి వివరించి, నేను పులిహోర ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, బావగారు తేలిగ్గా ఊపిరి వదిలి అన్నారు కదా, "హమ్మయ్య. ఒక పనైపోయింది. ఆ గౌనులో మంచి ఫోటో ఒకటి పంపమని చెప్పు. బయోడేటాలోకి బాగుంటుంది."

ముద్ద గొంతు దిగలేదు నాకు. ఈ వ్యాసం ఆ ముద్ద దిగడం కోసమే రాస్తున్నాను.

బావగారు చెడ్డవారేం కాదు. కూతురు ఇంజనీరింగు అయ్యాక నాట్యం చదువుతానంటే, పదిమంది పది రకాలుగా అన్నా, ఫీజు కట్టి పంపిన మనిషి. అందుకే ఆయన మాట మరీ గుచ్చుకుంది. ఇంత మంచివాళ్ళు కూడా ఆ గుడ్డని చూసి "అయిపోయింది" అనుకుంటున్నారంటే, తప్పు ఒక్క మనిషిలో లేదు. మనందరి బుర్రల్లోనూ ఉంది.

పట్టా ఇచ్చే రోజుని మనం స్నాతకోత్సవం అంటాం. స్నాతకం సంగతి మనకి కొత్తదా? పెళ్ళిలో చూస్తూనే ఉంటాం. చదువు ముగిసిందని పెళ్ళికొడుక్కి స్నాతకం చేస్తారు. తరవాత గొడుగూ కర్రా పట్టుకుని కాశీకి బయల్దేరతాడు, బావమరిది గడ్డం కింద బెల్లం ముక్క పెట్టి వెనక్కి తీసుకొస్తాడు. స్నాతకం అయినవాడు తన విద్యతో తాను బతకొచ్చు, ఇల్లు నిలబెట్టొచ్చు. మరి పెళ్ళికూతురికి స్నాతకం ఏదీ? లేదు. నేర్చుకున్నదేదో ఉంటే, అది సారెతో పాటు పెట్టెలో సర్దుకోవడమే. విశ్వవిద్యాలయాలు వచ్చాకే ఆడపిల్లకి ఈ స్నాతకమైనా దక్కింది. దాన్ని కూడా మనం సారెలోనే సర్దేస్తున్నాం.

ఆ రాత్రే పిల్లతో మాట్లాడాను. "పిన్నీ, మేడమ్ నా మెడలో అది వేస్తుంటే చిన్నప్పుడు గూడెంలో గజ్జెపూజ జ్ఞాపకం వచ్చింది" అంది.

నాట్యం నేర్పించిన తల్లులకి గజ్జెపూజ గురించి చెప్పక్కర్లేదు. గజ్జెలు దేవుడి ముందు పెట్టి పూజ చేసి, గురువు చేతులమీదుగా శిష్యురాలికి ఇస్తారు. ఆ రోజు నించీ నువ్వు గజ్జె కట్టి ఆడొచ్చని అర్థం. అక్కడితో విద్య మొదలు. హుడ్డు కూడా అంతే కావాలి. అమెరికా వాళ్ళు ఆ వేడుకకి పెట్టుకున్న పేరు కమెన్స్‌మెంట్. అంటే ప్రారంభం. వాళ్ళు ప్రారంభం అంటున్నదాన్ని మన బావగార్లు "ఒక పనైపోయింది" అంటున్నారు.

ఇక్కడ ఇద్దరు పెద్దమనుషులు నాకు అడ్డొస్తారని తెలుసు.

మొదటి ఆయన, "ఆ దొరల గుడ్డలు మనకెందుకండీ, బానిసత్వం కాకపోతే!" అంటారు. నిజమే. 2010లో భోపాల్‌లో ఓ స్నాతకోత్సవంలో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేష్ గారు వేదికమీదే గౌను విప్పేసి, ఈ వలసపాలన అవశేషం మనకెందుకన్నారు. 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ కూడా తన వైద్యకళాశాలలకి ఈ నల్లగౌన్లు మార్చుకోమని చెప్పింది. శాంతినికేతన్‌లో ఏడాకుల చెట్టు ఆకులు పట్టభద్రుల చేతిలో పెట్టడం ఏనాటి నుంచో ఉంది. మే నెల ఎండలో మన పిల్లలకి నల్లగౌను వెయ్యడం నాకూ ఇష్టం లేదు. చేనేత ఉత్తరీయం వెయ్యండి, నాలుగు మగ్గాలైనా ఆడతాయి. కాని అయ్యా, గుడ్డ మారితే సరిపోతుందా? నల్లగౌను ఫోటో తీసేసి ఉత్తరీయం ఫోటో బయోడేటాకి అంటిస్తే ఆ పిల్లకి ఒరిగేదేమిటి?

రెండో ఆయన రసికులు. "కళకి పట్టాలేమిటమ్మా! త్యాగయ్య ఏ యూనివర్సిటీలో చదివాడు?" అని చిరునవ్వు నవ్వుతారు. ఆయన మాటలోనూ కొంత నిజముంది. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన హరికథకి పట్టా ఇవ్వగల యూనివర్సిటీ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ విని, "నువ్వు నేర్చుకోడానికి కాదు, నేర్పడానికి చేరు" అన్నట్టుగా ఆయన్ని అధ్యాపకుణ్ణే చేశారట. అప్పటికి ఆయన వయసు 26.

వినడానికి ఎంత బాగుందీ! అయితే రసికులుగారూ, ఒక్క మాట. ద్వారం వారు మగవారు. వినడానికి నారాయణదాసుగారి చెవులున్నాయి, జీతమివ్వడానికి మహారాజుగారి ఖజానా ఉంది. పట్టా లేకుండా విద్య ఒక్కటీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆడదాన్ని మనం ఏం చేశామో చెప్పమంటారా?

దానికి విజయనగరం దాకా వెళ్ళక్కర్లేదు. మా పెంటపాడుకి అట్టే దూరం లేని అత్తిలి పక్కన బల్లిపాడు ఉంది. అక్కడి మదనగోపాలస్వామి గుడిలో నాట్యసేవ చేసిన కళావంతురాలు సరిదె మాణిక్యమ్మగారు. అధ్యాత్మ రామాయణ కీర్తనలకి ఆవిడ పట్టిన అభినయం ఎరిగినవాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని గుడికి అంకితం చెయ్యడం ఆపారు. ఆపవలసిందే. అందుకోసం ఏళ్ళ తరబడి పోరాడిన ముత్తులక్ష్మీరెడ్డిగారికి రెండు చేతులా దండం పెడతాను. కాని ఆ చట్టమే గుడి ఆవరణలోనూ ఊరేగింపుల్లోనూ వాళ్ళ నాట్యాన్ని కూడా నిషేధించింది. అన్యాయం పోవాలి సరే, దాంతోపాటు విద్య ఎందుకు పోవాలి? ఆ తరం ఆడవాళ్ళెంతమందో గజ్జెలు విప్పి పెట్టెల అడుగున దాచుకున్నారు. ఏమీ ఎరగనట్టు కాపురాలు చేసుకున్నారు.

అదే కాలంలో కూచిపూడిలో మగవారు చీరకట్టి సత్యభామ వేషం వేస్తే ఊళ్ళు ఊళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళాయి. వేదాంతం సత్యనారాయణశర్మగారి భామని చూసి మురిసిపోనివారెవరు? ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆ ప్రతిభకి అది చిన్నదే. నేననేది ఒక్కటే. ఆడదాని వేషం వేసిన మగవాడికి బిరుదులు దొరికిన ఈ నేలమీదే, ఆ అభినయం ఒంటబట్టిన ఆడదానికి తలదించుకు తిరగడం మిగిలింది.

తరవాత నటరాజ రామకృష్ణగారు గోదావరి జిల్లాలు తిరిగి ఆ పెద్దావిడల్ని వెతికి బయటికి తెచ్చారు. ఆంధ్రనాట్యం అని పేరుపెట్టి ఆ విద్యకి గౌరవం కల్పించారు. స్వప్నసుందరిగారు కళావంతుల సంప్రదాయం నేర్చుకుని విలాసినీ నాట్యం పేరుతో వేదికకెక్కించారు. 2012లో దవేశ్ సోనేజీగారు దేవదాసీల మీద వెలువరించిన ఇంగ్లీషు పుస్తకంలోనూ మన గోదావరి కళావంతుల కథ ఉంది. ఇప్పుడు నాట్యంలో పరిశోధన చేసేవాళ్ళకి ఆ పుస్తకం చదవక తప్పదు. చూశారా చిత్రం! ఆ విద్య మోసినవాళ్ళు పెట్టెల అడుగున దాక్కున్నారు, దాని గురించి రాసినవాళ్ళకి హుడ్డులు పడుతున్నాయి.

అందుకే పట్టాని నేను వెక్కిరించలేను. వంశం అండ లేని పిల్లకి, మహారాజు దొరకని పిల్లకి, "ఈమె విద్య నేర్చింది, సాక్ష్యం మేము" అని పదిమంది ముందు ఒక విద్యాలయం చెప్పే మాట అది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పుట్టి, కూచిపూడి కళాక్షేత్రాన్ని తనలో కలుపుకున్నాక, ఏ కులం పిల్లయినా, ఏ ఊరి పిల్లయినా అక్కడ నేర్చుకోగలుగుతోంది. కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్ళే 2016లో పెట్టుకున్న సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం కూచిపూడిలో ఎం.ఏ. చెబుతోంది. మాణిక్యమ్మగారి కాలంలో ఇది కల. ఆ కల పండాక దాన్ని పెళ్ళి ఫోటోకి వాడుకుంటామా?

పి. సుశీలగారు విజయనగరం కళాశాలలోనే డిప్లొమా పుచ్చుకున్నారు. "డిప్లొమా వచ్చిందిగా, ఇంక చాలు తల్లీ" అని ఆ ఇంట్లో అనుకుని ఉంటే? గోడమీద ఓ పటం మిగిలేది. మన వంటిళ్ళలో రేడియోలు మూగబోయేవి.

మగవాళ్ళనే అనడం నాకు చేతకాదు. నేనూ ఈ తప్పు చేసినదాన్నే. మా తోడికోడలికి సంగీతంలో డిప్లొమా ఉంది. పెళ్ళిచూపులనాడు పాడించుకున్నాం. "అమ్మాయి గొంతు తేనె" అని మెచ్చుకున్నదాన్ని నేనే. ఆ తరవాత ఇన్నేళ్ళలో పేరంటంలో మంగళహారతికి తప్ప ఆ పిల్లని పాడమన్న పాపాన పోలేదు. ఓసారి పొద్దున్నే శ్రుతిపెట్టె వేసుకుంటే, "పిల్లల పరీక్షలమ్మా" అన్నదీ నేనే. నాలుగు నవలల్లో ఆడవాళ్ళ కష్టాలు రాసిన చేతులివి!

గజ్జెలకి తుప్పు పట్టించేది చట్టాలొక్కటే కాదు. "ఇంకా మానలేదా?" అనే ఒక్క పలకరింపు చాలు. ఆ పలకరింపు ఎక్కువగా మన నోటినించే వస్తుంది.

అన్నట్టు బావగారికి ఆ రాత్రే చెప్పేశాను. "బావగారూ, ఫోటో పంపండి, వద్దనను. దాని కింద ఒక్క వాక్యం రాయండి. అమ్మాయి రోజూ రెండు గంటలు సాధన చేస్తుంది, పెళ్ళయ్యాకా చేస్తుంది, అందుకు ఇంట్లో చోటు కావాలి అని."

"అలా రాస్తే ఎవరొస్తారమ్మా?" అన్నారాయన.

"రాకూడనివాళ్ళు రారండీ" అంది అక్కయ్య, నాకంటే ముందే. వింటున్న అత్తగారు తల ఊపింది.

చదువుతున్న అక్కయ్యలకీ చెల్లెళ్ళకీ నా మనవి ఇంతే. రేపు మీ ఇంటికొచ్చే సంబంధంలో "సంగీతం, నాట్యం వచ్చు" అని కనపడితే, పెళ్ళిచూపుల్లో ఆ పిల్లని ఆడించకండి, పాడించకండి. మీ ఇల్లు ఓసారి కలయచూసుకోండి. పొద్దున్నే ఆ పిల్ల గజ్జె కట్టుకుని నిలబడ్డానికి ఏ గదిలో బల్ల పక్కకి జరపగలరో చూసుకుని, అది చెప్పండి. జరపలేమంటారా, ఆ ఫోటో వెనక్కి పంపించెయ్యండి.

నేను మాత్రం రేపు పొద్దున్న మా తోడికోడలింటికి వెళ్తున్నాను. శ్రుతిపెట్టె ఇంకా పనిచేస్తోందో లేదో కనుక్కోవాలి.